గోడవైపు తిరిగి పడుకున్నవాడికి టీవీ

పోయిన ఆదివారం చేపలకని బజారుకి వెళ్లి ఉత్త సంచితో ఇంటికొచ్చాను. చేపల బజారు లోపలికి వెళ్లగానే చూస్తే, మూడో అరుగు మీద కూర్చునే మనిషి లేదు. ఆ చోట వేరే ఆమె చందువలు పరుచుకుని కూర్చుంది. పెద్దామె రాలేదా అని అడిగాను. ఆమె చేపల మీద నీళ్లు చిలకరిస్తూనే, "పోనాది బావూ, నెల దాటిపోనాది. జొరమొచ్చి నాలుగు రోజులే ఉన్నాది," అంది. ఆ వెంటనే ఎన్ని కేజీలు వెయ్యమంటావని అడిగింది. నేను సంచి మడుచుకుని వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంచి వంక చూసి, తర్వాత నా మొహం వంక చూసి, ఎవరు పోయారని అడిగింది. చేపలామె అన్నాను. పేరేమిటంది. తెలీదన్నాను. పేరు కూడా తెలియని మనిషి కోసం ఇంత మొహం వేలాడేసుకున్నారా అని, నూరిన మసాలా ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆ పూట పప్పుతో కానిచ్చాం.

పేరు నిజంగానే తెలీదు. నా దగ్గర కొన్న టీవీ బిల్లు మీద కొడుకు పేరు రాయించింది, వారంటీ కార్డు మీదా కొడుకు పేరే. నన్ను "బావూ" అనేది, నేను "అమ్మా" అనేవాణ్ణి, అంతకంటే ఇద్దరికీ అవసరం పడలేదు. కానీ చూడడం నీకెవరు నేర్పారని ఎవరైనా అడిగితే నేను ఆమెనే చెప్తాను. టీవీలమ్మడం నా పని. శ్రీకాకుళంలో మా షాపు మొదటి అంతస్తులో, గోడ పొడవునా వెలుగుతున్న పాతిక ముప్పై తెరల మధ్య నిలబడి ఎన్నో ఏళ్లు గడిపాను. అలాంటి నాకు టీవీ ఎలా చూడాలో కళింగపట్నం నుంచి బస్సెక్కి వచ్చిన చేపలామె నేర్పింది.

ఫోర్ కే అన్న మాట మా ఊళ్లో అప్పుడప్పుడే వినబడుతున్న రోజులు. కొనేవాళ్లకి దాని సంగతి తెలీదు, నాకు తెలుసు, అందుకని నేను మహా గీరగా ఉండేవాణ్ణి. మాది ఎచ్చెర్ల దగ్గర వరి చేసుకునే ఇల్లు. మా నాన్న పంచె మోకాలు దాటి కిందికి దిగిన రోజు లేదు, నేను మాత్రం టై కట్టుకుని, ఏసీలో నిలబడి, ఎనభై లక్షల పైచిలుకు చుక్కలండీ, పాత టీవీకి నాలుగింతలండీ అని చెప్తుంటే అవతలివాళ్లు నోరు తెరుచుకుని వినేవారు. ఆ వినడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆమె మొదటిసారి వచ్చింది వేట నిషేధం రోజుల్లో. ఎండాకాలంలో రెండు నెలలు బోట్లు సముద్రం మీదికి పోవు, పచ్చి చేపలుండవు, అందుకని ఎండుచేపలు పట్టుకుని టౌనుకొచ్చేవారు. గంపని కింద చెప్పుల దగ్గర పెట్టమన్నాం. గంప కిందే ఉండిపోయింది గానీ వాసన ఆమెతోపాటు మెట్లెక్కి పైకి వచ్చింది. నేను చేసిన మొదటి పని చెప్తే సిగ్గుచేటు, అయినా చెప్తాను. ఆమె చూస్తుండగానే రూమ్ ఫ్రెషనర్ కొట్టాను. ఆమె ఆ డబ్బా వంక ఒకసారి చూసింది.

సన్నగా, నల్లగా, నిటారుగా ఉండేది. యాభై దాటి ఉంటాయి. తెరల వరస మొదటినుంచి చివరిదాకా నడిచి, వెనక్కి నడిచి, నా ముందు ఆగి అడిగింది.

"మా గుంటడు గోడకేసి తిరిగిపోయి పడుకున్నాడు బావూ. ఇటు తిరగాల. అలాటి టీవీ ఏదున్నాది?"

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కొడుకు గుజరాత్ వెళ్లి చేపల బోటు మీద పనిచేసేవాడు. మా జిల్లా తీరం కుర్రాళ్లు చాలామంది అలాగే వెళ్తారు. బోటులో వల పైకి లాగే వించి తాడు తెగి వీడి నడుం మీద కొట్టింది. కాళ్లు చచ్చుబడిపోయాయి. చేతులు బాగానే ఉన్నాయి, కావాలనుకుంటే చేతుల బలంతో ఒళ్లు తిప్పుకోగలడని డాక్టరు చెప్పాడు. కానీ తిప్పుకోడు. ఇంటికి తెచ్చి ఏడు నెలలైంది, అప్పట్నుంచీ మొహం గోడకే. నీళ్లు కావాలంటే నీళ్లంటాడు, వద్దంటే వద్దంటాడు, మూడో మాట లేదు. దెబ్బ తగలకముందు ఇలాంటివాడు కాదట. ఊరొస్తే ఏ కొత్త సినిమానీ మొదటి ఆట వదిలేవాడు కాదు. బోటు రేవులో ఉన్నన్నాళ్లూ ఫోనులో ఆటలే ఆటలు. తోటివాళ్లు తలా ఇంత వేసుకుని టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ బాక్సు కొని పంపారు. అట్టపెట్టె విప్పలేదు. మంచం కింద ఉంది.

ఇదంతా ఏడవకుండా చెప్పింది. చేప ఎక్కడ పట్టారో, ఎప్పుడు ఒడ్డుకి వచ్చిందో చెప్పినట్టు చెప్పింది. నేను గొంతు సవరించుకుని, నాకు తెలిసిన ఒకే పని, చుక్కల లెక్క మొదలుపెట్టాను. కాసేపు విని ఆపేసింది.

"ఎన్ని సుక్కలైతే నాకేటి బావూ? సేపని పొలుసులు లెక్కెట్టి కొంతారేటి?"

అప్పుడు గోడ మీద ఉన్న అన్ని టీవీల్లోనూ ఒకే బొమ్మ ఆడుతోంది. సముద్రం అడుగున పగడాల మధ్య తిరిగే చేపలు. నారింజ, పసుపు, నీలం, చూస్తే కళ్లు జిగేల్మనాలి. కొనేవాళ్లందరూ పడిపోయేది అక్కడే. ఆమె దగ్గరికి వెళ్లింది. ఒక చేప మీద చూపుడువేలు పెట్టి రుద్దింది, వేలు తిప్పి చూసుకుంది. తర్వాత నాకేసి చూసింది. కోపం లేదు, ఎగతాళీ లేదు, దొంగ దొరికినప్పటి తృప్తి కూడా లేదు.

"దీనికి రంగు పూసినారు బావూ," అంది.

చేపల బజారులో ఒక మోసం ఉందట. నిలవ చేప మొప్పలు పాలిపోతాయి గనక, ఎర్రరంగు పూసి తాజా చేపలా అమ్మేస్తారు. తెలియనివాడు మొప్ప ఎత్తి చూసి ఎర్రగా ఉందని కొనుక్కుపోతాడు. తెలిసినవాళ్లు వేలితో రుద్దుతారు. ఇదంతా నాకు తర్వాత చెప్పింది. ఆ పూట మాత్రం నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. ఎందుకంటే ఆమె అన్నది అక్షరాలా నిజం. షాపులో పెట్టిన టీవీలన్నింటికీ షోరూమ్ సెట్టింగ్ అని ఒకటుంటుంది. వెలుగూ రంగూ ఆఖరిదాకా ఎక్కించేసి పెడతాం. ఇంటికెళ్లాక ఎవరూ అలా చూడలేరు. ఇది మా వ్యాపారంలో అందరికీ తెలిసిన గుట్టు, కొనేవాళ్లలో ఒక్కరికీ తెలియని గుట్టు. ఇంజనీర్లు వచ్చారు, యూనివర్సిటీ మేష్టార్లు వచ్చారు, ఇంటర్నెట్‌లో అన్నీ చదువుకుని నన్ను పరీక్ష పెట్టినవాళ్లు వచ్చారు. ఒక్కళ్లూ పట్టుకోలేదు. ఈమె ఒక్క వేలితో పట్టుకుంది.

రిమోట్ తీసి ఆ సెట్టింగ్ మార్చాను. సినిమా చూడ్డానికి పెట్టే మోడ్‌లోకి తెచ్చి, మనుషులున్న బొమ్మ వేశాను. పక్క టీవీలతో పోలిస్తే దీపం తగ్గించినట్టయింది. ఆమె చాలాసేపు చూసింది.

"ఇప్పుడు మనిషి మనిషిలాగున్నాడు," అని, కిందికి వెళ్లి గంప ఎత్తుకుని బస్సుకి వెళ్లిపోయింది. కొనలేదు.

నేనూ మా మేనేజరూ ఇంక రాదనే అనుకున్నాం. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో నైలాను తాడు ఒకటుంది, వలకి కట్టే రకం. దానికి ముళ్లు వేసి ఉన్నాయి. మొదటి ముడి తలగడ దగ్గర, రెండో ముడి మంచం అంచు, తాడు చివర అవతలి గోడ. ఇంకో చిన్న తాడు మంచం ఎత్తు. ఇల్లంతా కొలిచి తెచ్చింది. కస్టమర్లు ఫోనులో హాలు ఫోటో చూపించి ఎంత సైజు సరిపోతుందండీ అని అడగడం తప్ప, గదిని చేతిలో పట్టుకొచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

తాడు ఒక చివర నన్ను టీవీ కింద గోడకి ఆనించి పట్టుకోమంది. రెండో చివర తను పట్టుకుని నడిచి, ముడి దగ్గర ఆగి, కొంగు నేలమీద పరిచి, ఎడమ పక్కకి ఒత్తిగిల్లి పడుకుంది. మధ్యాహ్నం పూట, షాపులో జనం ఉన్నారు. ఫ్రిజ్ చూడ్డానికొచ్చిన కొత్త జంట నవ్వు ఆపుకున్నారు. మా మేనేజరు దూరం నుంచి ఏమిటిదన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. చెయ్యి తలకింద పెట్టుకుని, కాళ్లు కదలకుండా బిగబట్టుకుని తెర చూస్తోంది. కొడుకు కాళ్లు కదలవు గనక తనూ కదపకూడదని బిగబట్టింది. అది అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తాడు పట్టుకున్న చేత్తో ఏం చెయ్యాలో తోచలేదు.

ఒక్కో టీవీ కిందా అలాగే పడుకుంది. లేచింది, కొలిచింది, పడుకుంది. నేను ఎలాగైనా అంటగట్టాలని చూస్తున్న పెద్ద టీవీ ఒకటుంది, అది అమ్మితే నాకు బహుమానం వస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే దాని అంత టీవీ షాపులో లేదు. దాని దగ్గర పడుకున్న నిమిషానికి ఆమె, "ఇది ఎలిసిపోనాది," అంది. లేదమ్మా, ఇది అన్నిటికంటే మంచిదన్నాను.

"నువ్వూ పడుకో బావూ."

టై భుజం మీదికి వేసుకుని నేలమీద పడుకున్నాను. ఎవరు చూస్తున్నారన్న ధ్యాస ఒక క్షణం ఉంది, తర్వాత లేదు. కింద నుంచి, పక్కనుంచి చూస్తే ఆ గొప్ప టీవీలో నలుపు బూడిదైపోయింది, మొహాలు సున్నం కొట్టినట్టున్నాయి. పైన ట్యూబులైటు తెరలో అడ్డంగా ఒక తెల్లచారై పడింది. ఆ టీవీని నేను వందమందికి చూపించాను. పడుకున్నవాడికి అది ఎలా కనబడుతుందో నాకు అప్పటిదాకా తెలీదు. నిలబడి అమ్మేవాణ్ణి, నిలబడి చూసేవాణ్ణి.

లైట్లు ఆపమంది. ఆపించాను. చీకటి సీను ఉన్న బొమ్మ వెయ్యమంది. వేశాను. పక్కపక్కనే రెండు టీవీలు చూపిస్తూ నాకు పాఠం చెప్పింది. ఒకదాంట్లో చీకటంతా ఒకే ముద్ద. రెండోదాంట్లో చీకట్లో నిలబడ్డ మనిషి భుజం అంచు తెలుస్తోంది.

"సీకటంటే ఒకటే నలుపు కాదు బావూ. తెల్లారగట్ల ఒడ్డున నిలబడి సూడు. నీరూ నల్లగే ఉంటాది, పడవా నల్లగే ఉంటాది. అయినా పడవ వస్తన్నాదని మాకు తెల్దేటి? ఆ తేడా అవుపించాల."

ఈ సంగతి చెప్పడానికి కంపెనీ మాకు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చింది, టిఫిన్లు పెట్టి మరీ. అప్పుడు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నేలమీద పడుకుని విన్న ఈ నాలుగు మాటలతో ఎక్కింది. ఇప్పటికీ కొనేవాళ్లకి నేను ఆ మాటలే చెప్తున్నాను, పడవతో సహా.

ఆ మనిషి చూపు గురించి ఎంత చెప్పినా తక్కువే. తర్వాత్తర్వాత నేను చేపలు ఆమె దగ్గరే కొనేవాణ్ణి. ఆమె ఎప్పుడూ తాజా చేప అని అనలేదు. మొప్ప ఎత్తి చూపించి ఊరుకునేది, తీసుకుంటే తీసుకో అన్నట్టు. ఒక్కోసారి నేను వేలు పెట్టి చూపించిన చేపని ఇవ్వనని చెప్పేసేది. ఇది పులుసుకి, నువ్వు వేపుడంటున్నావు, నీకియ్యను అనేది. మనుషుల్నీ అలాగే చూసేది. ఒకరోజు సంచి అందుకుంటూ నా కళ్లలోకి చూసి, కన్ను లోపలికెల్లిపోనాది, డాక్టరుకి సూపించుకో అంది. చూపించుకుంటే షుగరని తేలింది. మా ఆవిడ ఇది విని నమ్మదు, నేను చెప్పడం మానేశాను.

మూడోసారి వచ్చినప్పటికి రెండు టీవీలు మిగిలాయి. రెండూ నలభై తొమ్మిది అంగుళాలు, పక్కనుంచి చూసినా రంగు వెలవనివి. ఇక ఆట చూడాలంది. షాపులో గేమ్ బాక్సు ఒకటి కస్టమర్లకి చూపించడానికి ఉండేది. నేను కార్ల పందెం పెట్టి ఆడుతున్నాను. ఆమెకి ఆ ఆట గురించి ఏమీ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. నా పక్కన గొంతుక్కూర్చుని, తన బొటనవేలు నా బొటనవేలి మీద ఆనించింది. ఉప్పుతో, మంచుగడ్డతో గరుకెక్కిన వేలు. నేను మీట నొక్కుతుంటే వేలితో నొక్కుడు తెలుసుకుంటోంది, కళ్లు తెర మీద ఉన్నాయి. ఐదు నిమిషాలు అలాగే ఉండి అంది.

"నీ ఏలు ముందెల్తంది బావూ, బండి ఎనకొస్తంది."

ఇది ఊరికే అంటున్న మాట కాదు. నొక్కినదానికీ తెరమీద కదిలినదానికీ మధ్య సెకనులో పదో వంతు ఆలస్యం ఉంటుంది, బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే టైమది. బాగా ఆడే కుర్రాళ్లు పట్టుకుంటారు, అదీ చాలా రోజులు ఆడినవాళ్లు. జన్మలో మీట ముట్టుకోని మనిషి వేలితో పట్టుకుంది. ఎలా తెలిసిందమ్మా అని అడిగాను. గాలం వేసినప్పుడు చేప తగిలిన ఇసురు చేతికి తెలియాలి కదా, ఆలస్యంగా తెలిస్తే చేప ఉండదు కదా అంది. అంతే. పెద్ద విషయం అనుకోలేదు. నేను గేమ్ మోడ్ పెట్టి మళ్లీ ఆడాను. ఒక టీవీలో అప్పటికీ తేడా ఉందంది. రెండోదాంట్లో, ఇది సరిపోనాది అని, వేలు తీసేసింది. అదే కొంది.

మామూలుగా టీవీ బిగించడానికి మా టెక్నీషియన్ ఒక్కడే వెళ్తాడు. అమ్మినవాడు వెళ్లడు. నేను సెలవు పెట్టి మరీ వెళ్లాను. ఇసకలో వలలు ఆరేసి ఉన్నాయి, వాటి పక్కన ఎండుతున్న చేపలు, వాటి వెనక వరసగా ఇళ్లు. ఆమెది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో గోడని ఆనుకుని మంచం, మంచం మీద అతను. నాకు అతని వీపు మాత్రమే కనబడింది. వెడల్పాటి వీపు, తాళ్లు లాగి లాగి గట్టిపడ్డ భుజాలు. ఒకప్పుడు ఆ భుజాలు ఎంత పని చేశాయో చూడగానే తెలుస్తుంది.

నా తెలివి అక్కడ ఒకటి ప్రదర్శించాను. అమ్మా, అతను చూస్తున్న గోడకే బిగించేద్దాం, తిరగక్కర్లేకుండా చూస్తాడు అన్నాను. టెక్నీషియన్ కూడా సబబే అన్నాడు. ఆమె నన్ను గుమ్మంలోకి తీసుకెళ్లింది.

"అటెడితే ఆడింక ఇటు తిరగడు బావూ. ఇటున్నాది ఇల్లు, ఇటున్నాది ఈది, ఇటున్నాను నాను. అటు గోడే."

నోరు మూసుకుని ఆమె చెప్పిన గోడకి బిగింపించాను. నలుపు సరిచేశాను, రంగు సరిచేశాను, అట్టపెట్టె విప్పి గేమ్ బాక్సు తగిలించి, మీటల పెట్టె తలగడ పక్కన పెట్టాను. సినిమా ఒకటి పెట్టాం. చుట్టుపక్కల పిల్లలూ ఆడవాళ్లూ గుమ్మం నిండా చేరిపోయారు. బొమ్మ అంత బాగా రావడం నేను షాపులో ఎప్పుడూ చూడలేదు. గదిలో ఆమె కొలిచిన ముడి దగ్గరే తలగడ ఉంది, ఎక్కడినుంచి ఎలా కనబడాలో అలాగే కనబడుతోంది. అతను మాత్రం తిరగలేదు. గంటసేపు ఉన్నాను. వీపు అలాగే ఉంది. వచ్చేటప్పుడు ఆమె మొహం చూడలేక చెప్పులు వేసుకునే నెపంతో తల వంచుకున్నాను. నువ్వెల్లు బావూ, బస్సెల్లిపోతాది అంది.

ఆ వారమంతా షాపులో నాకు పని మీద మనసు లేదు. కంపెనీ పంపిన కాగితాల్లో ఆ టీవీ గురించి అన్నీ రాసి ఉన్నాయి. ఆమె అడిగిన ఒక్కటి మాత్రం ఎందులోనూ రాసి లేదు. అతను ఇటు తిరగకపోతే తప్పు నాదేనన్నట్టు గడిపాను.

ఎనిమిదో రోజున ఫోనొచ్చింది. పక్కింటివాళ్ల ఫోను. గాలీ, వెనకాల ఏవో కేకలూ. మాటలు ముక్కలుగా వినబడుతున్నాయి. టీవీ ఒళ్లు కాలిపోతందనీ, తడి గోనె కప్పీసిందనీ. మొదట నాకు వినపడింది నమ్మలేదు. తర్వాత బైకు తాళం తీసుకుని పరిగెత్తాను.

ఎండలో చేపల గంప మీద తడి గోనె కప్పుతారు. చేప వేడెక్కితే పాడైపోతుంది, తడి కప్పితే నిలుస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె చేసిన పని అది. ఎవరు చూసినా చూడకపోయినా ఆమె ఆ టీవీని పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆపకుండా వేసి ఉంచుతోంది. కొడుకు ఎప్పుడు తిరుగుతాడో, తిరిగినప్పుడు తెర నల్లగా ఉండకూడదని. ఆ ఎండల్లో వెనక పక్కన చెయ్యి పెడితే కాలింది. ఇంత మంచి సరుకు పాడైపోతుందని గోనెసంచి నీళ్లలో ముంచి, పిండి, తెరతోసహా మొత్తం కప్పేసింది. నొక్కితే బొమ్మ ఎంత ఆలస్యంగా వస్తుందో వేలితో చెప్పగలిగిన మనిషి చేసిన పనిది. ఆ దారంతా నేను కరెంటు గురించే ఆలోచిస్తూ వెళ్లాను, నాకు టీవీ గుర్తు కూడా రాలేదు.

గుమ్మంలో జనం ఉన్నారు. తోసుకుని లోపలికి వెళ్తే, ముందు నాకు కనబడింది ఒక మొహం. చిన్నవాడే, పాతికేళ్లుంటాయి. పెరిగిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. మోచేతి మీద సగం లేచి, ఇటు తిరిగి ఉన్నాడు. చేతిలో పీకేసిన ప్లగ్గు ఉంది. టీవీకి వైరు మంచం తలవైపునుంచి లాగడం ఎంత మంచిదయిందో ఎవరికి చెప్పాలో నాకు తెలీలేదు.

నేనెవరో అతనికి తెలీదు. టై చూసి షాపువాణ్ణని పోల్చుకున్నట్టున్నాడు, నాకు ఫిర్యాదు చెయ్యడం మొదలుపెట్టాడు. టీవీకి నీళ్లు పోసీసినాది సార్ మా యమ్మ. వెయ్యద్దు, ముందు ఆరనియ్యండి సార్. దీనికి బుర్ర లేదు సార్, కరెంటు కొట్టి చచ్చుంటే ఏటి చెయ్యమంటారు. మాట మీద మాట. పక్కింటామె నాకు జరిగింది చెప్పింది. సినిమా ఆఖర్లో ఉందట, అందరూ చూస్తున్నారట. గోనె కప్పగానే మాటలు ముద్దయిపోయాయి. అంతలో మంచం మీంచి ఒక్క కేక వినబడిందట, ఎవరిదో అనుకున్నారట. తిరిగి చూస్తే వీడు. అంటే ఎనిమిది రోజులూ గోడకేసి తిరిగే ఆ సినిమాలన్నీ విన్నాడన్నమాట. ఆఖరి సీను మాటలు వినబడకపోయేసరికి తిరిగాడు. తిరిగి, తల్లి చేతిలో తడి గోనె చూశాడు.

గోనె తీసి, తెర తుడిచి, వెనక చూశాను. నీళ్లు పెద్దగా దిగలేదు. రెండు రోజులదాకా వెయ్యద్దని చెప్పాను. మూడో రోజున ఫోన్ చేస్తే చక్కగా పనిచేస్తోందన్నారు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. నేనున్నంతసేపూ అతను తల్లిని తిడుతూనే ఉన్నాడు. మధ్యలో ఆగి, నొక్కితే ఎంటనే కదులుతాదా సార్ ఈ టీవీలో అని నన్ను అడిగాడు. ఆ సంగతి మీ అమ్మనడుగు అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆమె గది మూల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ఇంక దేన్నీ ముట్టుకోనన్నట్టు. తిట్లు ఒక్కొక్కటీ పడుతుంటే తల ఊపుతోంది. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, లెక్క చూసుకుంటున్నట్టు.

నేను బయల్దేరుతుంటే వెనకే వచ్చి, వలల దగ్గర నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. టీవీకి ఏమీ కాదమ్మా, భయపడకన్నాను. ఆ మాట ఆమె చెవిన పడలేదు.

"తిట్టినాడు బావూ," అంది. "నన్నే. అన్నీ నన్నే తిట్టినాడు."

ఆ రెండు మాటలు అన్నప్పుడు ఆ మొహంలో ఉన్న గర్వం, పిల్లలు జిల్లాకి ఫస్టొచ్చారని చెప్పుకునే తల్లుల్లో కూడా నేను చూడలేదు. లోపలినుంచి అతను మళ్లీ ఏదో అరిచాడు. ఎక్కడికి పోనావమ్మా అనే. ఆమె నా చెయ్యి వదిలేసి, నాకు చెప్పకుండానే లోపలికి పరిగెత్తింది.